గుండెల్లో మంట: ఆలుమగలు తెలుసుకోవలసిన సంగతులు

అన్నం తిన్న కాసేపటికి రొమ్ము ఎముక వెనుక మంట. వంగితే గొంతులోకి పుల్లనీళ్లు. రాత్రి పడుకోగానే దగ్గు, తెల్లవారి లేచేసరికి నోట్లో చేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఏ ఊళ్లో అడిగినా ఈ బాధకు ఒకటే పేరు చెబుతారు: "గ్యాస్ పట్టింది." దానికి చేసే వైద్యం కూడా ఒకటే. కిరాణా కొట్టులో ఒక పొడి పొట్లం, లేదా మందుల షాపులో "గ్యాస్ గోలీ ఇవ్వు" అని అడిగి తెచ్చుకున్న రెండు గోలీలు. ఆ పూట గడిచిపోతుంది. మరునాడు మళ్లీ మంట.

ఈ బాధకు సరైన వైద్యం ఉంది. అది మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టు మీ ఇంట్లోనే ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. చివరి మెట్టు ఆపరేషన్, అది చాలా కొద్దిమందికే అవసరం. ఏ మెట్టు మీద ఎంతకాలం నిలబడాలో, ఎప్పుడు పై మెట్టు ఎక్కాలో తెలిస్తే చాలు. తెలియక ఏళ్ల తరబడి గోలీలు మింగేవారు కొందరు, ఏమీ చెయ్యక ఓర్చుకునేవారు మరికొందరు.

ఇంకొక ముఖ్యమైన మాట. గ్యాస్ అనుకున్న ప్రతి మంటా గ్యాస్ కాదు. గుండెపోటు ఇదే వేషంలో రావచ్చు. గర్భిణీ స్త్రీకి రక్తపోటు పెరిగి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కూడా ఇదే వేషంలో రావచ్చు. ఆ తేడా ఎలా కనిపెట్టాలో ఈ పుస్తకం చివర రాశాం. అది మాత్రం తప్పకుండా చదవండి. చదువురానివారికి చదివి వినిపించండి.

ఈ మంట ఎందుకు వస్తుంది?

మనం తిన్న అన్నం నోటి నుంచి అన్నవాహిక అనే గొట్టం గుండా జీర్ణాశయంలోకి దిగుతుంది. జీర్ణాశయంలో ఆమ్లం ఊరుతుంది. పుల్లని ఘాటైన రసం అది. అన్నం అరగడానికి, తిండితో పాటు వెళ్లిన సూక్ష్మజీవులను చంపడానికి అది కావాలి. జీర్ణాశయం గోడకు లోపల జిగురు పొర ఉంటుంది కాబట్టి ఆ ఆమ్లం దాన్ని కాల్చదు. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు.

అన్నవాహిక, జీర్ణాశయం కలిసేచోట ఒక కండరాల వలయం ఉంటుంది. సంచి మూతికి బొందు కట్టినట్లు అది మూసుకుని ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుంటుంది, దిగాక మూసుకుంటుంది. ఈ బొందు వదులైనా, వేళగాని వేళ తెరుచుకున్నా, కడుపులో ఒత్తిడి పెరిగినా ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఆ ఆమ్లం తగిలినచోట మంట పుడుతుంది. గుండెకూ దీనికీ సంబంధం లేదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి గనుక గుండెల్లో మంట అంటున్నాం.

ఎప్పుడో ఒకసారి పెళ్లిభోజనం తిన్నాక మంట వస్తే అది జబ్బు కాదు. వారంలో రెండు రోజులో అంతకంటే ఎక్కువో వస్తూ, తిండినీ నిద్రనూ పనినీ పాడుచేస్తుంటే దాన్ని జబ్బుగానే చూడాలి. డాక్టర్లు చీటీ మీద దీన్ని జి.ఇ.ఆర్.డి. అని రాస్తారు. దీన్ని అలా వదిలేస్తే అన్నవాహిక లోపల పుండ్లు పడవచ్చు. పుండ్లు మానుతూ గొట్టం ఇరుకై ముద్ద దిగడం కష్టం కావచ్చు. చాలా ఏళ్లు సాగితే కొద్దిమందిలో ఆ పొర మారిపోయి క్యాన్సర్‌కు కూడా దారి తీయవచ్చు. భయపడవలసిన పని లేదు గాని, అశ్రద్ధ పనికిరాదు.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

పొట్ట పెరిగినవారికి, బీడీ, సిగరెట్టు తాగేవారికి, సారా, కల్లు, బ్రాందీ అలవాటున్నవారికి, గర్భిణీ స్త్రీలకు ఇది ఎక్కువ. రాత్రి పొద్దుపోయాక కడుపునిండా తిని వెంటనే పడుకునేవారికి మరీ ఎక్కువ.

మన ప్రాంతపు పనులు కూడా కొంత కారణం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు ఎడమ కాలువ కింద వరిసాగు పెరిగింది. వరినాట్లు, కలుపుతీత అంతా నడుం వంచి చేసే పని. సద్ది తిన్న వెంటనే మళ్లలోకి దిగి గంటల తరబడి వంగితే కడుపు నొక్కుకుని ఆమ్లం పైకి తన్నుతుంది. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలకు అన్నం తిన్న వెంటనే బరువెత్తితే ఇదే బాధ. సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగే లారీడ్రైవర్లు అర్ధరాత్రి ధాబాలో తిని, క్యాబిన్‌లో ముడుచుకు పడుకుంటారు. వారికీ ఇదే.

ఇక ఇల్లాలి సంగతి చూడండి. పొద్దున్న అందరికీ వండిపెట్టి తాను ఉత్త టీతో సరిపెట్టుకుంటుంది. మధ్యాహ్నం పొలంలో ఆదరాబాదరా తింటుంది. రాత్రి భర్త, పిల్లలు, అత్తమామలు తిన్నాక పది గంటలకు మిగిలింది తిని, గిన్నెలు సర్ది, వెంటనే నడుం వాలుస్తుంది. "నాకు ఎప్పుడూ గ్యాసే" అంటుంది. ఆమె కడుపులో లోపం ఉండి కాదు, ఆ ఇంట్లో భోజనం వేళ ఆమెకు అనుకూలంగా లేక. అందుకే ఈ వైద్యం భార్య ఒక్కదానితోనో, భర్త ఒక్కడితోనో అయ్యేది కాదు. ఇద్దరూ కలిసి చెయ్యాలి.

మొదటి మెట్టు: ఇంట్లో చేసుకునే మార్పులు

1. రాత్రి భోజనం పెందలాడే ముగించండి. తినడానికీ పడుకోవడానికీ మధ్య 3 గంటల వ్యవధి ఉండాలి. తొమ్మిదిన్నరకు పడుకునే ఇంట్లో ఆరున్నరకల్లా తినాలి. ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చుని తింటే ఇల్లాలికి కూడా ఈ వ్యవధి దొరుకుతుంది. ఆమె వడ్డిస్తూ నిలబడే పద్ధతి మార్చండి. గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వారు వడ్డించుకోవచ్చు.

2. ఒక్కసారిగా కడుపునిండా తినవద్దు. అదే అన్నాన్ని మూడు నాలుగు పూటలుగా కొంచెం కొంచెం తినండి. నమిలి నిదానంగా తినండి. తిన్న వెంటనే చెంబెడు నీళ్లు తాగవద్దు.

3. మంచం తలవైపు ఎత్తు చెయ్యండి. తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి. 6 నుంచి 8 అంగుళాల ఎత్తు రావాలి. నులకమంచమైనా, నవారు మంచమైనా ఫరవాలేదు, కదలకుండా ఉండేలా చూసుకోండి. తలకింద దిండ్లు పేర్చితే లాభం లేదు. దిండ్లతో మెడ వంగుతుంది, కడుపు ముడుచుకుంటుంది, మంట ఇంకా పెరుగుతుంది. చాప మీద పడుకునేవారు నడుము దగ్గర నుంచి తల వరకు ఏటవాలుగా ఉండేలా బొంతలు మడిచి వేసుకోవాలి.

4. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. ఎడమవైపు పడుకుంటే జీర్ణాశయం అన్నవాహిక కంటే దిగువన ఉంటుంది. ఆమ్లం పైకి రావడం కష్టమవుతుంది.

5. పొట్ట తగ్గించండి. బరువు ఎక్కువున్నవారు కొన్ని కిలోలు తగ్గినా మంటలో తేడా తెలుస్తుంది. సన్నగా ఉన్నవారు బరువు తగ్గవలసిన పని లేదు.

6. చీర బొడ్డు దగ్గర, లంగా బొందు, పంచె, బెల్టు వదులుగా కట్టుకోండి.

7. తిన్న వెంటనే వంగే పని, బరువెత్తే పని చెయ్యవద్దు. నాట్లకు వెళ్లేవారు సద్ది కొంచెం తక్కువ తిని, కాసేపు గట్టు మీద కూర్చుని తరువాత మడిలోకి దిగండి. మిగిలింది పని మధ్యలో తినవచ్చు.

8. బీడీ, సిగరెట్టు, గుట్కా, మద్యం మానండి. పొగాకు, మద్యం రెండూ ఆ కండరాల బొందును వదులు చేస్తాయి. భర్త తాగుతూ గోలీలు మింగితే చిల్లికుండలో నీళ్లు పోసినట్లే.

"మరి కారం మానాలా, పచ్చళ్లు మానాలా?" అని అడుగుతారు. అందరికీ ఒకే పథ్యం లేదు. ఒకరికి మిరపకాయ బజ్జీ పడదు, మరొకరికి పులుసు పడదు, ఇంకొకరికి పరగడుపున టీ పడదు. నూనెలో వేగినవి, మాంసం కొవ్వు ఎక్కువగా ఉన్నవి మాత్రం చాలామందికి పడవు, అవి కడుపులో ఎక్కువసేపు నిలుస్తాయి. రెండు వారాలు గమనించండి. ఏది తిన్న రోజు మంట వచ్చిందో గుర్తుపెట్టుకుని దాన్ని మాత్రమే తగ్గించండి. అన్నీ మాని నీరసపడవద్దు. ముఖ్యంగా గర్భిణి, బాలింత పథ్యం పేరుతో పప్పు, కూర, గుడ్డు, పాలు మానరాదు. పలుచని సల్ల చాలామందికి హాయిగానే ఉంటుంది.

చల్లటి పాలు తాగితే మంట తగ్గినట్లే ఉంటుంది. కాని కాసేపటికి ఆమ్లం మరింత ఊరుతుంది. పాలు బలానికి తాగండి, మంటకు మందుగా కాదు.

రెండవ మెట్టు: అప్పటికప్పుడు చల్లార్చే మందులు

పైన చెప్పినవి చేస్తున్నా అప్పుడప్పుడు మంట వచ్చేవారికి ఇవి చాలు. అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన తెల్లటి మందునీళ్లు, నమిలే బిళ్లలు ఈ రకానివి. ఇవి ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తాయి. నిమిషాల్లో ఉపశమనం ఇస్తాయి, కాని ఆ గుణం ఎక్కువసేపు ఉండదు. భోజనం తరువాత మంట వచ్చే వేళకు, పడుకునేముందు వీటిని వాడతారు. అల్యూమినియం ఎక్కువుంటే మలబద్ధకం, మెగ్నీషియం ఎక్కువుంటే విరేచనాలు కావచ్చు. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

ఆల్జినేట్ అనే మందు ఇంకొకటి ఉంది. ఇది సముద్రపు నాచు నుంచి తీసినది. తిన్న అన్నం మీద మీగడలా తేలి, ఆమ్లం పైకి రాకుండా మూతలా అడ్డుపడుతుంది.

నీళ్లలో వేస్తే బుస్సుమని పొంగే పొడుల్లోనూ, తినే సోడాలోనూ సోడియం ఉంటుంది. ఎప్పుడో ఒకసారి వాడితే నష్టం లేదు. కాని రక్తపోటు ఉన్నవారు, గుండె, మూత్రపిండాల జబ్బున్నవారు, గర్భిణీ స్త్రీలు వాడరాదు. రోజూ పొట్లం పడితేగాని గడవనివారికి ఆ పొట్లం కాదు కావలసింది, డాక్టరు.

మూడవ మెట్టు: ఆమ్లం ఊరడం తగ్గించే మందులు

వారంలో చాలా రోజులు మంట ఉంటే ఈ మందులు కావాలి. ఇవి రెండు రకాలు.

మొదటి రకం 1970లలో వచ్చింది. బ్రిటన్‌కు చెందిన సర్ జేమ్స్ బ్లాక్ పరిశోధన వల్ల సిమెటిడిన్ అనే మందు 1976లో అక్కడ అమ్మకానికి వచ్చింది. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత ఇదే కుటుంబంలో రానిటిడిన్, ఫామోటిడిన్ వచ్చాయి. రానిటిడిన్ మన పల్లెల్లో ఇంటింటికీ తెలిసిన గోలీ. అయితే అందులో క్యాన్సర్‌కు కారణం కాగల మలినం తయారవుతున్నదని తేలి, 2020లో అమెరికా దాన్ని మార్కెట్టు నుంచి తీసివేయమంది. మన ప్రభుత్వం 2022 సెప్టెంబరులో అత్యవసర మందుల జాబితా నుంచి తొలగించింది. పాత చీటీ చూపించి ఇంకా అదే కొంటున్నవారు డాక్టరును అడిగి వేరే మందు రాయించుకోండి.

రెండవ రకం ఇంకా బలమైనది. ఒమెప్రజోల్ 1988లో ఐరోపాలో అమ్మకానికి వచ్చింది. పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ దాని తమ్ముళ్లే. జీర్ణాశయం గోడలో ఆమ్లాన్ని తోడి పోసే మోటార్ల వంటివి ఉంటాయి. ఈ మందు ఆ మోటార్లను ఆపుతుంది. అన్నవాహికలో పడిన పుండ్లను మాన్పడంలో మొదటి రకం కంటే ఇది మిన్న.

అయితే దీన్ని వాడే పద్ధతి తెలియక చాలామంది డబ్బు వృథా చేసుకుంటున్నారు. ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

వేళ: పొద్దున టిఫినుకు లేక అన్నానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. తినగానే మోటార్లు పనిచెయ్యడం మొదలుపెడతాయి. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. తిన్నాకనో, పడుకునేముందో వేసుకుంటే సగం గుణమే.

వరుస: రోజూ వెయ్యాలి. మంట వచ్చిన రోజు ఒకటి వేసి "ఇది పనిచెయ్యలేదు" అనుకోవద్దు. పూర్తి గుణం కనిపించడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

గడువు: సాధారణంగా 4 నుంచి 8 వారాలు. అప్పుడు డాక్టరుకు చూపించి తగ్గించుకోవాలి. తగ్గాక కొందరికి అసలు అక్కర్లేదు, కొందరికి మంట ఉన్న రోజుల్లో మాత్రం చాలు. పుండ్లు తీవ్రంగా ఉన్న కొద్దిమందికే ఎక్కువకాలం కావాలి.

మానడం: చాలాకాలం వాడి హఠాత్తుగా మానితే ఆమ్లం కొన్నాళ్లు మునుపటికంటే ఎక్కువ ఊరుతుంది. "మానితే బతకలేను" అనిపిస్తుంది. అది అలవాటు పడడం కాదు, శరీరం సర్దుకోవడం. డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించండి.

ఏళ్ల తరబడి అడ్డూ అదుపూ లేకుండా వాడితే ఒంట్లో బి12 విటమిను, మెగ్నీషియం తగ్గవచ్చు, కడుపులో అంటువ్యాధులు రావచ్చు. అలాగని అవసరమున్నవారు భయపడి మానరాదు. గడువు తెలిసి వాడితే ఇది మంచి మందు. షాపుల్లో డాంపెరిడోన్ అనే మరో మందు కలిపిన గొట్టాలు ఎక్కువగా ఇస్తుంటారు. ఆ కలిపిన మందు అందరికీ అక్కర్లేదు, గుండె జబ్బున్నవారికి ప్రమాదం కూడా కావచ్చు. డాక్టరు రాస్తేనే వాడండి. 2014లో జపానులో అనుమతి పొందిన వొనోప్రజాన్ వంటి కొత్తరకం మందులు ఇప్పుడు మన దేశంలోనూ ఉన్నాయి. అవి ఎవరికి కావాలో డాక్టరే చెప్పాలి.

మందులు ఖరీదని వెనకాడవద్దు. పేరున్న కంపెనీ గొట్టమే కావాలని లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చేవి, జనౌషధి దుకాణాల్లో తక్కువ ధరకు దొరికేవి కూడా అవే మందులు.

నొప్పుల గోలీల సంగతి

పొద్దంతా పనిచేసి ఒళ్లు నొప్పులని సాయంత్రం ఒక గోలీ, వారానికి ఒక సూది వేయించుకునే అలవాటు మన పల్లెల్లో ఉంది. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి ఈ మందులు జీర్ణాశయం లోపలి జిగురు పొరను పాడుచేస్తాయి. సూదిగా తీసుకున్నా నష్టం తప్పదు. నొప్పికి ఒక గోలీ, ఆ గోలీ తెచ్చిన మంటకు మరో గోలీ, ఇదీ వరుస. నొప్పులకు ఏది వాడాలో డాక్టరును అడగండి. గుండె జబ్బుకు ఆస్పిరిన్, రక్తపోటుకు మందులు వాడేవారు మాత్రం మంట వచ్చిందని వాటిని సొంతంగా మానరాదు. డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి.

నాలుగవ మెట్టు: పరీక్షలు, ఆపరేషన్

ఎనిమిది వారాలు మందు సరిగా వాడినా తగ్గకపోతే, లేదా ప్రమాద లక్షణాలు ఉంటే ఎండోస్కోపీ చేస్తారు. సన్నని మెత్తని గొట్టాన్ని నోటిగుండా పంపి అన్నవాహికనూ జీర్ణాశయాన్నీ కంటితో చూస్తారు. కోత లేదు, కుట్లు లేవు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. గొంతుకు మత్తుమందు చల్లుతారు. పరగడుపున వెళ్లాలి. ఈ విద్య మన దగ్గర కొత్తది కాదు. హైదరాబాదులో జీర్ణకోశ వైద్యుడైన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి వైద్యసేవకు 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

ఆ కండరాల బొందు బాగా వదులైనవారికి, జీర్ణాశయంలో కొంత భాగం ఛాతీలోకి జారినవారికి ఆపరేషన్ అవసరం కావచ్చు. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక అడుగు చుట్టూ కండువాలా చుట్టి కుడతారు. వదులైన బొందుకు బదులు కొత్త బొందు కట్టినట్లన్నమాట. రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ 1950లలో దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు చిన్న రంధ్రాల ద్వారానే చేస్తున్నారు. ఆపరేషన్ తరువాత కొన్నాళ్లు ముద్ద దిగడం కష్టంగా, కడుపు ఉబ్బరంగా ఉండవచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి తమ వైద్యానికి అది వర్తిస్తుందో లేదో ముందే అడగండి.

గర్భిణికి మంట వస్తే

గర్భం ధరించినవారిలో సగానికి పైగా ఏదో ఒక నెలలో ఈ మంట పడతారు. గర్భాన్ని నిలబెట్టే హార్మోను ఆ కండరాల బొందును కూడా వదులు చేస్తుంది. నెలలు నిండేకొద్దీ బిడ్డ పెరిగి జీర్ణాశయాన్ని పైకి నొక్కుతుంది. కాన్పు కాగానే చాలామందికి మంట దానంతట అదే పోతుంది. బిడ్డకు దీనివల్ల హాని లేదు.

వైద్యం మొదటి మెట్టుతోనే. కొంచెం కొంచెం ఎక్కువసార్లు తినాలి, పెందలాడే తినాలి, ఎడమ పక్కకు పడుకోవాలి, మంచం తలవైపు ఎత్తాలి. చాలకపోతే ఆసుపత్రిలో అడిగి ఆమ్లం విరిచే మందు తీసుకోవచ్చు. ఇంకా తగ్గకపోతే గర్భిణికి పనికివచ్చే పై మందులూ ఉన్నాయి, డాక్టరు రాస్తారు. షాపులో చెప్పింది కొనవద్దు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఐరన్ గోలీ వేసుకుంటే కడుపులో మంటగా ఉందని చాలామంది గర్భిణీ స్త్రీలు మానేస్తారు. అత్తగారు కూడా "పోనీ వద్దులే" అంటారు. రక్తం తక్కువైతే కాన్పులో తల్లి ప్రాణానికే ముప్పు. గోలీ మానకండి. పరగడుపున కాకుండా అన్నం తిన్న గంటకు, లేదా రాత్రి వేసుకోండి. టీతో వేసుకోవద్దు. మంట మందుకూ ఐరన్ గోలీకీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటబట్టదు. కాల్షియం గోలీ కూడా వేరే పూట వేసుకోండి. ఐరన్ గోలీ వల్ల విరేచనం నల్లగా వస్తుంది, దానికి భయపడవద్దు. ఏ.ఎన్.ఎమ్.కు గాని ఆశా కార్యకర్తకు గాని చెప్పండి, వేళ మార్చి ఇస్తారు.

కుటుంబ నియంత్రణ పద్ధతులూ, గ్యాస్ భయాలూ

"ట్యూబెక్టమీ చేయించుకున్నాక నాకు గ్యాస్ పట్టింది." ఆ ఆపరేషన్‌లో గర్భనాళాలను మాత్రమే మూస్తారు. జీర్ణాశయాన్ని ముట్టరు. ల్యాపరోస్కోపీ పద్ధతిలో చేసేటప్పుడు లోపల కనబడడానికి పొట్టలోకి కొంత వాయువు నింపి, చివర తీసివేస్తారు. మిగిలిన కొద్దిపాటి వాయువు వల్ల రెండు మూడు రోజులు భుజాల దగ్గర నొప్పి, ఉబ్బరం ఉండవచ్చు. ఒళ్లు దాన్ని పీల్చుకుంటుంది. ఏళ్ల తరువాత వచ్చే మంటకు కారణం ఆపరేషన్ కాదు. భోజనం వేళలు, పెరిగిన బరువు, నొప్పుల గోలీలు చూసుకోండి.

"వేసెక్టమీ చేయించుకుంటే మగవాడికి కడుపులో మంట వస్తుందా?" రాదు. ఆ ఆపరేషన్‌కూ కడుపుకూ ఏ సంబంధమూ లేదు.

"మాత్రలు వాడుతుంటే వికారంగా ఉంది, మానెయ్యాలా?" గర్భనిరోధక మాత్రలు కొత్తలో కొందరికి వికారం తెస్తాయి. రాత్రి భోజనం తరువాత వేసుకుంటే తగ్గుతుంది. రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. వేసుకున్న మూడు గంటల లోపల వాంతి అయితే ఇంకొక మాత్ర వేసుకోవాలి. పడకపోతే మధ్యలో మానేసి ఊరుకోవద్దు, అనుకోని గర్భం రావచ్చు. ఆరోగ్య కేంద్రంలో చెప్పి వేరే పద్ధతి తీసుకోండి.

ఇది గ్యాస్ కాదు! వెంటనే కదలండి

గుండెపోటు: ఛాతీ మీద బండ పెట్టినట్లు బరువు, నొప్పి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకడం, చల్లని చెమటలు, ఆయాసం. నడిస్తే, బరువెత్తితే ఎక్కువవుతుంది. స్త్రీలకూ, షుగరు ఉన్నవారికీ గట్టి నొప్పి లేకుండా ఉత్త మంట, వాంతి, నీరసంగానే రావచ్చు. గ్యాస్ గోలీ వేసి తెల్లవారేదాకా చూడవద్దు. 108కి ఫోన్ చెయ్యండి. గుండెపోటులో గడిచే ప్రతి నిమిషానికీ విలువ ఉంది. గ్యాసే అని తేలితే తిరిగి ఇంటికి వస్తారు, అంతే కదా.

గర్భిణికి ఐదో నెల దాటాక: పక్కటెముకల కింద, ముఖ్యంగా కుడివైపు, పొట్ట పైభాగంలో ఆగని నొప్పి, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం, చేతులు ఉబ్బడం. ఇది రక్తపోటు పెరిగిన గుర్తు. ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రాణాపాయం కావచ్చు. బి.పి. చూపించడానికి ఆ గంటలోనే తీసుకెళ్లండి. బండి లేకపోతే 108కి చెప్పండి.

జీర్ణకోశంలో ముప్పు: ముద్ద గొంతు కింద అడ్డుపడడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం గాని కాఫీపొడి రంగు గాని వాంతి కావడం, ఐరన్ గోలీలు వాడకుండానే తారులా నల్లగా జిగటగా విరేచనం కావడం, రక్తహీనత, ఆగని వాంతులు. యాభై దాటాక మొదటిసారిగా మంట మొదలవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎండోస్కోపీ దాకా వెళ్లవలసిందే.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట మీ ఊరి పల్లె దవాఖానాకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. అక్కడ తేలకపోతే కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. సూర్యాపేటలోనూ, నల్లగొండలోనూ 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, వాటి ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్లు చూస్తారు. అవసరమైతే హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నాయి. వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న గోలీల గొట్టాలన్నీ, నొప్పుల గోలీలతో సహా, సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి.

దంపతులారా! ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. ఇద్దరూ కలిసి పెందలాడే కూర్చుని తినండి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. బీడీ కట్ట బయట పారెయ్యండి. రెండు వారాలు చూసి, మంట తగ్గకపోతే మందు కోసం ఆసుపత్రికి ఇద్దరూ కలిసి రండి. భార్య బాధను "ఆమెకు ఎప్పుడూ ఉండేదే" అని భర్త తోసెయ్యకూడదు. భర్త గుండెనొప్పిని "గ్యాసే అంటున్నాడు" అని భార్య వదిలెయ్యకూడదు. చదవడం అయ్యాక ఈ పుస్తకం పక్కింటివారికి ఇవ్వండి.